లోవదారి పట్టే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

దసరా దగ్గర పడేసరికి కొండల గురించి ఉత్తరాలు పెరిగాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సీతంపేట, సాలూరు, కురుపాం వైపు కొండలు పార్వతీపురం మన్యంలోకి, అనంతగిరి, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయాయి. కాగితం మీద ఎటు పోయినా, శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు తెల్లవారుజామున బండి తీస్తే ఎండ ముదిరేలోపు చేరుకునే లోవలు (కొండల నడుమ లోయలు), గెడ్డలు (కొండవాగులు) ఇవే. అందుకే ఈ సంచికలో మిగతా ప్రశ్నలు ఆపి వీటికే చోటిచ్చాం. అందులోనూ గెడ్డకు ఎక్కువ చోటిచ్చాం. సరదాకు వెళ్లినవాళ్లు ఈ కొండల్లో ముందుగా భయపడాల్సింది నీటికే.

ప్రశ్న: దసరా సెలవుల్లో పిల్లలతో జలపాతాలు చూడాలనుకుంటున్నాం. పిల్లలకు ఎనిమిదేళ్లు, పదకొండేళ్లు. అసలు ఏ నెల మంచిది?
(ఒక గృహిణి, రాజాం)

జవాబు: నీళ్లు చూడాలంటే సెప్టెంబరు, నడవాలంటే నవంబరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలకు గెడ్డలన్నీ నిండుగా ఉంటాయి. కాలిబాటలు కూడా అప్పుడే గెడ్డలవుతాయి. దసరా నాటికి ఆ వాన తగ్గుతుంది కానీ బంగాళాఖాతం ఊరుకోదు. మన వైపు గట్టిగా తగిలిన తుఫాన్ల తేదీలు చూడండి: హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11, గులాబ్ 2021 సెప్టెంబరు 26. మూడూ మీ సెలవులకు అటూ ఇటూగానే పడ్డాయి. కాబట్టి గది ముందే మాట్లాడుకున్నా, విశాఖలోని తుఫాను హెచ్చరికల కేంద్రం వాళ్ల ప్రకటనలు ఐదు రోజుల ముందు నుంచీ చూడండి. అల్పపీడనం అన్న మాట వినబడితే ప్రయాణం వారం వెనక్కి జరపండి. ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఉన్న రోజు ఘాట్ రోడ్డు ఎక్కనేవద్దు. తుఫాను వెళ్లిపోయి ఎండ కాసినా వెంటనే బయల్దేరకండి. మట్టి నాని ఉంటుంది, సగం విరిగి వేలాడుతున్న కొమ్మలు ఎప్పుడు పడతాయో తెలియదు.

పిల్లలతో అయితే కార్తీకమాసం బాగుంటుంది. జలపాతంలో నీళ్లుంటాయి, బండలు కొంత ఆరి ఉంటాయి. ఉదయం పదింటికి నడక మొదలుపెట్టి మూడింటికల్లా బండి దగ్గరికి వచ్చేయండి. నవంబరు చివర, డిసెంబరులో మన వైపు సాయంత్రం ఐదుంబావు, ఐదున్నర మధ్య పొద్దు గూకుతుంది. లోవలో ఇంకో గంట ముందే వెలుగు పోతుంది. మార్చి తర్వాత గెడ్డలు సన్నబడతాయి, పోడు మంటల పొగ ఉంటుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో పిడుగుల వానలు పడతాయి. ఆ నెలల్లో వెళ్లక తప్పకపోతే ఫోనులో పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ పెట్టుకుని, మధ్యాహ్నానికి దిగిపోయేలా వెళ్లండి.

ప్రశ్న: మా మీద ఒక్క చినుకు పడలేదు. అయినా చూస్తుండగానే గెడ్డ పొంగిందని మిత్రులు చెప్పారు. వాన లేకుండా ఎలా పొంగుతుంది? ముందుగా తెలుసుకునే వీలుందా?
(డిగ్రీ విద్యార్థి, చీపురుపల్లి)

జవాబు: వాన పడింది, మీ మిత్రులు ఉన్నచోట కాదు, పైన. లోవ అంటే మూడు వైపులా కొండలు చుట్టి కింద ఒక్క సందు వదిలిన గరాటు. పైన ఐదారు కొండవాలుల మీద పడ్డ నీళ్లన్నీ ఆ సందులోంచే దిగాలి. వాలు నిటారుగా ఉండి, మట్టిపొర పలచగా ఉన్నచోట నీరు ఇంకే తీరిక ఉండదు. పైన కుండపోత కురిసిన కొద్దిసేపటికే కిందికి వచ్చేస్తుంది. పొంగినంత వేగంగానే తీస్తుంది కూడా. మైదానంలో నాగావళికో వంశధారకో వరద వస్తే రోజులు పడుతుంది. కొండగెడ్డకు గంటలే.

ముందుగా చదవడానికి గుర్తులున్నాయి. గెడ్డ ఒడ్డుకు చేరగానే నీటికంటే ముందు తుప్పల్ని చూడండి. కొమ్మల్లో ఎండుగడ్డి, ఆకులు, పుల్లలు గూడులా చుట్టుకుని ఉంటాయి. అది పిట్టగూడు కాదు, కిందటి వరద వదిలిన చెత్త. అది మీ నడుమెత్తులో ఉంటే నీళ్లు అక్కడిదాకా వచ్చాయన్నమాట. తలకంటే పైన ఉంటే ఆ చోట భోజనానికి కూర్చోవద్దు, గుడారం అసలే వేయవద్దు. తర్వాత నీటి అంచున అరచేతి వెడల్పు రాయి ఒకటి పెట్టండి. పది నిమిషాలకోసారి దాన్ని చూడండి. రాయి తడిసిందంటే సామాను సర్దడం మొదలుపెట్టండి.

నీరే చెప్పే గుర్తులు నాలుగు: తేటనీరు పాలటీ రంగుకు మారడం, మీద పచ్చి ఆకులు, పుల్లలు తేలి రావడం, చప్పుడు సన్నని గలగల నుంచి బరువైన మోతకు మారడం, అడుగున రాళ్లు దొర్లుతున్న అదురు. వీటిలో ఒక్కటి కనబడినా ఫొటోలు, చెప్పులు, గిన్నెలు వదిలేసి ఒడ్డు వెంట కాకుండా నేరుగా పైకి ఎక్కండి. గెడ్డ వెంబడి కిందికి పరిగెత్తేవాళ్లను నీళ్లు దాటేస్తాయి. అవతలి ఒడ్డున చిక్కుకుంటే అక్కడే ఎత్తైన చోట కూర్చోండి. చాలాసార్లు మూడు నాలుగు గంటల్లో దాటేంతగా తీస్తుంది. ఆకలి, చలి తట్టుకోవచ్చు. చీకటి పడబోతోందన్న తొందరలో దాటబోవడమే ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: గెడ్డ దాటడానికి సరైన పద్ధతి ఏమిటి? తాడు కట్టుకుని దాటితే మంచిదేనా?
(నలుగురు మిత్రులు, గజపతినగరం)

జవాబు: తాడు నడుముకు కట్టుకోవద్దు. జారి పడితే ప్రవాహం మనిషిని కిందికి లాగుతుంది, తాడు పైనుంచి బిగుస్తుంది, తల నీళ్లలోకి పోతుంది. తాడును రక్షణకు వాడటం శిక్షణ ఉన్నవాళ్ల పని.

దాటవచ్చా లేదా అన్నది ముందు తేల్చుకోండి. నీళ్లు మోకాలు దాటితే వద్దు. మోకాలి లోతే అయినా రంగు మారి జోరుగా ఉంటే వద్దు. నీటి వేగం రెండింతలైతే అది కాళ్లను నెట్టే బలం నాలుగింతలవుతుంది, అందుకే పిక్కల లోతు నీళ్లు కూడా పెద్దమనిషిని పడేయగలవు. దాటేచోటు ఇరుకుగా ఉంటే దగ్గర అనిపిస్తుంది కానీ అక్కడే లోతూ, జోరూ. గెడ్డ వెడల్పుగా పరుచుకుని చిన్నచిన్న అలలతో పారే చోటు వెతకండి. కిందివైపు జలపాతం గానీ, చెట్టు అడ్డంగా పడి గానీ ఉంటే ఆ చోటు వదిలేయండి.

బూట్లు విప్పకండి, చెప్పులు లేని కాలు రాళ్ల మధ్య ఇట్టే ఇరుక్కుంటుంది. సంచి నడుం పట్టీ, ఛాతీ పట్టీ ఊడదీసుకోండి, పడితే సంచిని వదిలించుకోవాలి. భుజం ఎత్తు కర్ర ఒకటి తీసుకుని దాన్ని పైవాటుగా, అంటే నీళ్లు వచ్చే దిక్కున నాటండి. మీ ముఖమూ అటే ఉండాలి. కర్ర, రెండు కాళ్లు, ఈ మూడింటిలో ఒక్కసారి ఒక్కటే కదలాలి. పాదం ఎత్తి వేయకుండా అడుగు మీద ఈడుస్తూ పక్కకు జరగండి. సుళ్ల వంక చూస్తే కళ్లు తిరుగుతాయి, అవతలి ఒడ్డున ఒక చెట్టును చూస్తూ నడవండి. నలుగురున్నారు కాబట్టి చేతులు పెనవేసుకుని, అందరిలో బరువైన మనిషిని పైవాటున పెట్టి ఒకే వరుసగా దాటండి.

పడిపోతే లేచి నిలబడాలని చూడకండి. వెల్లకిలా తిరిగి, కాళ్లు ముందుకు చాపి, కాలివేళ్లు నీటిపైకి కనబడేలా ఉంచి, చేతులతో తోసుకుంటూ ఒడ్డువైపు జరగండి. నడుము నేలకు తగిలాకే లేవాలి. జోరు నీటిలో నిలబడబోతే పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని మనిషి ముందుకు బోర్లా పడతాడు.

ప్రశ్న: ఈత బాగా వచ్చు. జలపాతం కింద మడుగులో దిగవచ్చా?
(ప్రైవేటు ఉద్యోగి, బొబ్బిలి)

జవాబు: ధార పడే చోటికి వద్దు. అక్కడ నీటిలో గాలిబుడగలు కలిసి తెల్లగా నురగలు కక్కుతుంటుంది. ఆ నీరు మనిషిని తేల్చదు. పైగా పడిన నీరు అడుగుకు పోయి మళ్లీ ధారవైపే తిరుగుతుంది, ఈత వచ్చినవాణ్ని కూడా అక్కడే తిప్పుతుంది. కిందటేడాది లోతు చూసుకున్నాం కదా అని గెంతకండి. ప్రతి వానాకాలం రాళ్లు స్థానం మారుతాయి. వానరోజుల్లో నీళ్లతోపాటు పైనుంచి రాళ్లు కూడా దిగుతాయి. మడుగు నుంచి నీరు బయటికి పారే చోట, మోకాలి లోతులో కూర్చుని స్నానం చేయండి.

ప్రశ్న: కొత్త స్పోర్ట్స్ బూట్లు కొనుక్కుని వెళ్లినా బండ మీద జారిపడ్డాను. ఏ రకం కొనాలి? మన కొండరాయిలోనే ఏదైనా తేడా ఉందా?
(ఉపాధ్యాయురాలు, పాలకొండ)

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాం, అది తెలిస్తే మొదటిది సులువు. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే రాయి పేరు ఖోండలైటు. ఈ కొండల్లో ఉండే కోందు గిరిజనుల పేరు మీదే ఆ పేరు పెట్టారు. దీనిలో గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్ వంటి ఖనిజాలుంటాయి. వేల ఏళ్ల వానకు దీనిలోని ఒక ఖనిజం బంకమట్టిగా మారుతుంది, గార్నెట్‌లోని ఇనుము తుప్పు పడుతుంది. అందుకే రాయి మీద ఇటుకరంగు మరకలు, ఉల్లిపొరల్లా ఊడివచ్చే పెచ్చులు. ఎక్కేటప్పుడు అలాంటి పెచ్చు పట్టుకుని బరువు వేస్తే పెచ్చుతోపాటు మీరూ వస్తారు. పట్టుకునే ముందు అరచేతితో తట్టండి. బోలుగా మోగితే వదిలేయండి. నల్లగా, గట్టిగా, నూనె రాసినట్టు మెరిసే చార్నొకైటు బండలు ఊడవు గానీ తడిస్తే గాజుపలకే.

ఒక చిన్న పని చేయండి. గెడ్డ మలుపు తిరిగే చోట లోపలి ఒడ్డున తడి ఇసుక పిడికెడు తీసి అరచేతిలో పరిచి నీళ్లతో మెల్లగా జాడించండి. తేలికైన తెల్ల ఇసుక పోయాక అడుగున దానిమ్మ గింజ రంగులో పలుకులు మిగులుతాయి. అవే గార్నెట్లు. ఇలాంటివే వాగుల నుంచి నదుల్లోకి, నదుల నుంచి సముద్రంలోకి చేరి, కళింగపట్నం వైపు ఇసుకలో ఎర్రటి, నల్లటి చారలుగా ఒడ్డున పడతాయి. చూసి అక్కడే వదిలేయండి.

ఇక బూట్లు. పరుగుకు చేసిన వాటికి అడుగు మెత్తగా, గీతలు పలచగా ఉంటాయి. కొండకు అడుగున నాలుగైదు మిల్లీమీటర్ల లోతు గాళ్లుండాలి, రబ్బరు గోటితో నొక్కితే కొంచెం లొంగాలి. అయినా పాకుడు పట్టిన తడిబండ మీద ఏ బూటూ నిలవదు. ఆకుపచ్చగా ఉన్నచోటు, నల్లగా జిడ్డుగా ఉన్నచోటు వదిలి, గరుకుగా, లేతరంగులో ఉన్నచోట అడుగు వేయాలి. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంత ఉబ్బి ఉంటుంది. వేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి. మీరు చేసిన పొరపాటు కొత్తవి తొడుక్కుని నేరుగా కొండకు పోవడం. రెండు వారాలపాటు రోజూ అరగంట ఊళ్లో నడిచి మెత్తబరచండి.

ప్రశ్న: మహేంద్రగిరి ఎక్కాలని చాలా ఏళ్ల కోరిక. మందస వైపు నుంచి ఉదయం వెళ్లి సాయంత్రానికి రావచ్చా?
(రిటైర్డు ఉద్యోగి, టెక్కలి)

జవాబు: మొదట ఒక జాగ్రత్త. మ్యాపులో మహేంద్రగిరి అని కొడితే తమిళనాడులో ఇస్రో కేంద్రం ఉన్న కొండ కూడా వస్తుంది. మనది ఒడిశాలోని గజపతి జిల్లాది, ఎత్తు 1501 మీటర్లు. పరశురాముడు తపస్సు చేస్తాడని చెప్పుకునే కొండ ఇదే. పైన ధర్మరాజు, భీముడు, కుంతి పేర్లతో రాతిగుళ్లున్నాయి. భీముడి గుడి చిన్నదే కానీ దాన్ని పేర్చిన రాళ్లు చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ పుట్టేది ఇక్కడే.

లెక్క వేద్దాం. కొండ నడకకు పాత సూత్రం ఒకటుంది: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, దానిమీద ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. మందస మైదానం నుంచి శిఖరానికి దాదాపు 1400 మీటర్ల ఎక్కుడు. అంటే ఎత్తుకే రెండు గంటల ఇరవై నిమిషాలు. కాలిబాట పన్నెండు కిలోమీటర్లనుకుంటే దానికి మరో రెండున్నర. ఇది ఆగకుండా నడిచే పడుచువాడి లెక్క. మన ఉక్కకు, సంచి బరువుకు, విశ్రాంతికి మూడోవంతు కలపండి. ఆరున్నర గంటలకు తక్కువ కాదు, అదీ ఎక్కడానికే. చలికాలంలో పగలే పదకొండు గంటలు. ఒక్కరోజులో వెళ్లిరావడం మీ వయసుకే కాదు, కుర్రాళ్లకూ సరికాదు. ఆ అడవిదారిలో దారి తెలిసిన స్థానికుడు లేకుండా అసలు దిగవద్దు.

మీకు మంచిదారి పర్లాకిమిడి వైపు. పాతపట్నం దాటితే పర్లాకిమిడి. నౌపడా నుంచి గుణుపురం పోయే రైలు టెక్కలి, పాతపట్నం మీదుగానే వెళ్తుంది. పర్లాకిమిడి నుంచి కొయిన్‌పూర్ మీదుగా వాహనంలో పైదాకా పోయి, చివరి భాగం గుళ్ల మధ్య నడవండి. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కాబట్టి టెక్కలిలో 25 డిగ్రీలుంటే పైన 15, 16. దానికి గాలి తోడవుతుంది, స్వెట్టరుతోపాటు గాలి చొరని పైచొక్కా కావాలి. శివరాత్రికి జనం విపరీతంగా వస్తారు. కొండను తీరిగ్గా చూడాలంటే అది తప్పించి డిసెంబరు, జనవరిలో వెళ్లండి. ఒడిశా ప్రభుత్వం ఈ కొండను జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా గుర్తించింది, మొక్కలు, వేళ్లు పీకి తేవద్దు.

ప్రశ్న: బొర్రా నుంచి కటికి జలపాతానికి రైలు పట్టాల మీదుగా నడిచిపోతే దగ్గరని వీడియోల్లో చూపిస్తున్నారు. నిజమేనా?
(ఇంటర్ విద్యార్థులు, కొత్తవలస)

జవాబు: ఆ వీడియోలు నమ్మకండి. కొత్తవలస, కిరండూల్ రైలుమార్గం 1960లలో బైలదిల్లా ఇనుపఖనిజం తేవడానికి వేసింది. ఇప్పటికీ బరువైన గూడ్సులు రాత్రీ పగలూ తిరుగుతాయి. ఘాటులో సొరంగాలు, వంతెనలు, మలుపులు వెంటవెంటనే ఉంటాయి. సొరంగంలో పట్టాకు, గోడకు మధ్య మనిషి సురక్షితంగా ఒదిగే చోటు ఉంటుందనుకోకండి. మలుపులో కొండ అడ్డు ఉండటంతో బండి చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియదు. వంతెన మీద దొరికితే దూకడానికి చోటుండదు. రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం పట్టాల మీదికి చొరబడటం నేరం, ఆరు నెలల జైలు దాకా పడవచ్చు.

కొత్తవలస, శృంగవరపుకోట (ఎస్.కోట)లలో ఆగే కిరండూల్ పాసింజరు ఉదయం ఎక్కి బొర్రా గుహల స్టేషనులో దిగండి. అక్కడి నుంచి జీపులు కటికి వైపు పోతాయి, చివర కొంత దూరం నడక. ఎక్కేముందే రానూపోనూ బేరం, అక్కడ ఎంతసేపు ఆగుతాడో మాట్లాడుకోండి. గుహలు, జలపాతం, రెండూ గోస్తని చెక్కినవే. ఆ నీరే కిందికి దిగి తాటిపూడి జలాశయం నిండుతుంది, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంత దూరం పోలేకపోతే ఎస్.కోట పక్కనే శివాలయం, జలధార ఉన్న పుణ్యగిరి ఉంది. వాన తర్వాత వారానికి వెళ్తే ధార బాగుంటుంది, శివరాత్రి రోజు మాత్రం నడవడానికి చోటుండదు.

ప్రశ్న: అమ్మకు అరవై ఐదేళ్లు, మోకాళ్ల నొప్పులు. సీతంపేట కొండలు చూపించాలి. ఏనుగుల భయం ఉందా?
(ఒక పాఠకుడు, ఆమదాలవలస)

జవాబు: ఆడలి వ్యూపాయింట్‌కు వాహనం పోయే దారి ఉంది, అమ్మగారిని పెద్దగా నడిపించక్కర్లేదు. మెట్టుగూడ జలపాతం దగ్గర తడిమెట్ల మీద చెయ్యి పట్టుకుని దింపండి. ఎక్కడం కంటే దిగడమే మోకాలికి కష్టం. దిగేటప్పుడు కర్ర ముందు వేసి, తర్వాత నొప్పి ఉన్న కాలు, ఆపైన మంచికాలు.

ఏనుగులు ఒడిశా వైపు నుంచి దిగి కొన్నేళ్లుగా మన్యం జిల్లా పొలాల్లో తిరుగుతున్నాయి. బయల్దేరే ముందు అటవీ సిబ్బందినో, దారిలో టీకొట్టు దగ్గరో "ఈ వారం ఎటున్నాయి" అని అడగండి. సాయంత్రం నాలుగు తర్వాత లోపలి దారుల్లో ఉండకండి. దారిలో పచ్చిపేడ, విరిగిన అరటి, వెదురు కనబడితే వెనక్కి తిరగండి. ఏనుగు కనబడితే హారను, టార్చి, సెల్ఫీ వద్దు. బండిని నిదానంగా వెనక్కి తీయండి.

ప్రశ్న: ఉద్దానంలో ఎలుగుబంట్లు ఎక్కువ. కొండ నడకలో ఎదురైతే? తేనెటీగలు, పాముల సంగతి కూడా చెప్పండి.
(జీడిరైతు, సోంపేట)

జవాబు: ఎలుగు మీకంటే ఎక్కువగా బెదురుతుంది, ఉలిక్కిపడితేనే మీద పడుతుంది. జీడిమామిడి, పనస పండే రోజుల్లో తెల్లవారుజామున, మునిమాపున తోటల్లో ఉంటుందని మీకు తెలిసిందే. తుప్పలదారిలో గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. కనబడితే పరిగెత్తకుండా, వీపు చూపకుండా వెనక్కి జరగండి. పిల్లలుంటే తల్లికీ వాటికీ మధ్యలోకి పోవద్దు.

కొండబండలకు వేలాడే పెద్ద తేనెపట్లు ఎలుగుకంటే ప్రమాదం. కింద పొగ పెట్టడం, రాయి విసరడం, ఘాటైన సెంటు రాసుకోవడం వద్దు. ఒకటి కుట్టిందంటే ఆ వాసనకు మిగతావి వస్తాయి. ముఖం గుడ్డతో కప్పుకుని ఆగకుండా పరిగెత్తాలి. నీళ్లలో మునిగితే పైనే తిరుగుతూ కాచుకుని ఉంటాయి.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం, పసరు పూయడం, ఏదీ వద్దు. ఉంగరాలు, కడియాలు, మొలతాడు తీసేయండి. కరిచిన కాలినో చేతినో కదలకుండా కర్రకట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని రండి. 108కి ఫోను చేయండి. లోవలో సిగ్నలు ఉండదు కాబట్టి ఆఖరుసారి ఎక్కడ గీతలు కనబడ్డాయో ఎక్కేటప్పుడే గుర్తుపెట్టుకోండి. దారిలో పడే ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఏదో ముందే చూసుకోండి. పామును చంపి తీసుకుపోవాల్సిన పనిలేదు.

ప్రశ్న: ఆరు గంటల నడకకు ఎన్ని నీళ్లు, ఏ తిండి మోసుకెళ్లాలి? గెడ్డనీళ్లు తాగవచ్చా?
(ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: ఎక్కే ప్రతి గంటకు అరలీటరు చొప్పున మూడు లీటర్లు, ఆపైన ముట్టకుండా ఉంచే లీటరు. నాలుగు లీటర్లంటే నాలుగు కిలోలు, కాబట్టి సంచిలో మిగతావి తగ్గించండి. ఒక సీసాలో ఉప్పుచక్కెర నీళ్లు: లీటరుకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీచెంచాతో తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు.

గెడ్డనీరు ఎంత తేటగా ఉన్నా పైన ఊరుంటుంది, పశువులుంటాయి. గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టి, తెర్లించి ఒక నిమిషం మరగనివ్వండి. క్లోరిన్ బిళ్ల వేస్తే అరగంట ఆగాలి. తిండికి చింతపండు పులిహోర సాయంత్రందాకా నిలుస్తుంది. పెరుగన్నం మధ్యాహ్నానికే పులుస్తుంది. పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగి బయల్దేరి, జేబులో బెల్లం వేరుశనగ ఉండలు పెట్టుకుంటే చాలు. వంద గ్రాముల వేరుశనగలో దాదాపు 570 క్యాలరీలుంటాయి. బిస్కెట్టు కాగితం, సీసా మూత తిరిగి మీ సంచిలోనే రావాలి, వాటికోసమే ఒక ఖాళీ సంచి పెట్టుకోండి.

ప్రశ్న: అరకు వైపు తిరిగొచ్చిన పన్నెండో రోజున మావారికి చలిజ్వరం వచ్చింది. ఇంత ఆలస్యంగా వచ్చింది కదా, దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?
(ఒక పాఠకురాలు, నెల్లిమర్ల)

జవాబు: ఉండవచ్చు, ఈరోజే రక్తపరీక్ష చేయించండి. మలేరియాలో ప్రమాదకరమైన రకం, దోమ కుట్టిన తొమ్మిది నుంచి పద్నాలుగు రోజులకు బయటపడటం మామూలే. ఇంకో రకం నెలల తర్వాత కూడా వస్తుంది. పీహెచ్‌సీలో పరీక్ష ఉచితం. "ఏజెన్సీకి వెళ్లొచ్చాం" అన్న ఒక్క మాట డాక్టరుకు తప్పక చెప్పండి, అది చెప్పకపోతే వైరల్ జ్వరమనుకునే అవకాశం ఉంది. నడుం పట్టీ కింద, చంక, గజ్జల్లో చిన్న నల్లటి పొక్కు, సిగరెట్టు కాలినట్టుగా ఉందేమో చూడండి. అది గడ్డిలోని సన్నని పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ గుర్తు. అందరికీ కనబడదు, లేదని ఊరుకోవద్దు. ఈసారి ప్యాంటు సాక్సులోకి దూర్చి, దోమల క్రీము చీలమండలకూ రాసుకుని, గడ్డి మీద దుప్పటి లేకుండా కూర్చోకుండా చూసుకోండి. ఇంటికి రాగానే స్నానం, బట్టలు వేడినీళ్లలోకి.

ప్రశ్న: గండికోట లోయ చూడాలని ఉంది. మన కొండల్లాగే తయారవ్వాలా?
(బ్యాంకు ఉద్యోగి, శ్రీకాకుళం)

జవాబు: అది వేరే రకం. కడప జిల్లాలో జమ్మలమడుగు దగ్గర పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసిన చోటు. అక్కడి రాయి గట్టి క్వార్ట్‌జైటు, గోడలు నిటారుగా నిలిచాయి. అడవి లేదు, నీడ లేదు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్యే వెళ్లండి. ప్రమాదం నీటిది కాదు, అంచుది: పలకలు పలకలుగా పేర్చినట్టుండే రాళ్లలో కొన్ని వదులుగా ఉంటాయి. అంచుకు మీ ఎత్తుకు తగ్గని దూరంలో కూర్చుని చూడండి.

ప్రశ్న: గైడును పెట్టుకోవడం తప్పనిసరా? గిరిజన గూడేల మీదుగా వెళ్లేటప్పుడు ఏం పాటించాలి?
(నడక బృందం, సాలూరు)

జవాబు: వాహనం పోయే వ్యూపాయింట్లకు అక్కర్లేదు. రిజర్వు ఫారెస్టులోకి పోవాలంటే రేంజి కార్యాలయం అనుమతి ఉండాలి. రాత్రి బస, మంట అయితే మరీ. అనుమతి ఉన్నా, గెడ్డ వెంట లోపలికి పోయే ఏ దారికైనా ఆ ఊరి మనిషి కావాలి. పశువుల దారులు, కట్టెల దారులు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి, మ్యాపులో ఏదీ ఉండదు. ఏ మడుగు ఎంత లోతో, మొన్నటి వానకు ఏ దారి తెగిందో వాళ్లకే తెలుసు.

గూడెంలో ముందు పెద్దను పలకరించండి. ఇంటిగోడ మీది సవర గిరిజనుల బొమ్మలు అలంకారానికి వేసినవి కావు, పూజకు వేసినవి. అడగకుండా ఫొటో తీయవద్దు, ముట్టుకోవద్దు. ఊరి చివర దేవత ఉండే చెట్ల గుంపులో కొమ్మ కూడా విరవకూడదు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గరే వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. మనం అంత చేయలేకపోయినా, గూడెం పేరు, గెడ్డ పేరు వాళ్లు పలికినట్టే పలకడం నేర్చుకుంటే దారి అడగడం సులువవుతుంది.

కూలి ముందే మాట్లాడి, ఆరోజు పొలం పని పోయినందుకు తగ్గకుండా ఇవ్వండి. మనిషి కోసం ముందురోజు సాయంత్రమే కబురు చేయండి. సంత ఏ రోజో కనుక్కోండి, ఆరోజు పొద్దున గూడెంలో ముసలివాళ్లు, పసిపిల్లలు తప్ప ఎవరూ దొరకరు.